నాలుగు గళ్ళ లాటిన్ పుస్తకం

పోయిన ఆదివారం మా పక్క వాటా అమ్మాయి యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నేను గడియారం చూసే మనిషినని ఆ పిల్లకి తెలుసు. అందుకే నేను తలుపు తీయగానే ముందు కారణం చెప్పింది. దారిలో బస్సు ఆపారట. అందరినీ కిందికి దింపి, ఫోన్లు తీసుకుని, లోపలున్న ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూశారట.

ఆ అమ్మాయి మందుల తయారీ చదువు చదువుతోంది. తాతలు తెలుగువాళ్ళే. మన మాట అర్థమవుతుంది గానీ జవాబు సగం బర్మా భాషలో ఇస్తుంది. ఆదివారం ఆదివారం నా దగ్గర లాటిన్ నేర్చుకుంటుంది. నేను బడిలో ముప్పై నాలుగేళ్ళు చెప్పింది లెక్కలు. లాటిన్ మాత్రం ఉద్యోగం మానేశాక, ఇంటికి వచ్చి అడిగిన వాళ్ళకే చెప్పాను. ఈ పిల్ల పదకొండవది. పదకొండు మందికీ మొదటి రోజు ఒకే మాట చెప్పాను: ఈ భాష పుస్తకంలో వెతక్కండి, వీధిలో వెతకండి, కనిపించిన మాట నాకు తెచ్చి చూపించండి. మిగతా పదిమందీ కాగితం మీద రాసుకొచ్చారు. ఈ పిల్ల ఫొటోలు తీస్తుంది. ఆ రోజుకి ఫోనులో ముప్పై ఏడు ఉన్నాయి. మందు సీసాల చీటీలు, పాత కచేరీల గుమ్మాల మీద చెక్కిన రాతి అక్షరాలు, పార్కులో చెట్లకి కట్టిన పేర్లు, సమాధి రాళ్ళు.

ఈ రాళ్ళ ఫొటోలు ఎందుకని సిపాయి అడిగాడట. ఇంటిపని అందట ఈ పిల్ల. ఎవరిచ్చారని అడిగితే, ఒక ముసలామె అందట. అతను నవ్వి ఫోను ఇచ్చేశాడట. ఇదంతా చెబుతూ తనూ నవ్వింది. కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

"ఏటి ఫ్వా అలగైపోనావు? నానొచ్చేసేను గదా. ఆళ్ళు నవ్వేరు కూడాను" అంది. ఫ్వా అంటే ఇక్కడ అమ్మమ్మ, మామ్మ, ఏదైనా సరే.

ముప్పై ఏడు ఫొటోలూ నా ఎదురుగా తీసేయించాను. ఒక్కొక్కటి లెక్కపెట్టాను. ఇంకోసారి ఎవరైనా అడిగితే ముసలామె అనవద్దని, నా పేరు, గది నంబరు, అయిదో అంతస్తు అని చెప్పమని అన్నాను.

"నీ పేరు సెప్తే ఏటి సేస్తారు? అయిదంతస్తులు ఎక్కనేక ఎలిపోతారు" అంది.

నేను నవ్వలేదు. కారణం ఆ పిల్లకి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. నేను తేదీలు రాసి పెట్టుకునే మనిషిని. నా పదహారో ఏటి నుంచి ప్రతి రోజుకీ నా దగ్గర ఒక పంక్తి ఉంది. అంతకు ముందువి లేవు. అయినా ఈ సంగతి తేదీలు నాకు తెలుసు. తెలిసే వదిలేస్తున్నాను, పేర్లు కూడా. చదివేవాళ్ళు రోజుల లెక్కతో సరిపెట్టుకోవాలి.

అప్పుడు నాకు పదకొండేళ్ళ నాలుగు నెలలు. మా పెద్దవాళ్ళు ఈ ఊరిని రంగం అనేవారు. రేవుకి దగ్గర్లో మా లైను. ఇటు పన్నెండు గదులు, అటు పన్నెండు, మధ్యలో మురుగు కాలవ. మా తాత బస్తాలు మోయడానికి ఓడెక్కి వచ్చినవాడు. మా అయ్య ఇక్కడే పుట్టాడు. బస్తా మోయలేదు. పెద్ద బజారు వెనక ఒక మందుల షాపులో కాంపౌండరు. లైనంతా ఎండు నెత్తళ్ళ వాసన, తడి గోనెల వాసన, బర్మా వాళ్ళ చేపల ముద్ద నప్పి వాసన. మా గదికి మాత్రం సాయంత్రం ఆరు దాటాక వేరే వాసన వచ్చేది. సోంపు అరకు, స్పిరిటు, కర్పూరం. ఆ వాసన గుమ్మం దాటిన తరవాతే అయ్య కనిపించేవాడు. అమ్మ నా నాలుగో ఏట పోయింది. ఇంట్లో ముగ్గురం, అయ్య, అయ్యని కన్న మా మామ్మ, నేను.

నన్ను సిస్టర్ల బడిలో వేశారు. లాటిన్ నేను కోరి చేరిన చదువు కాదు. ఆ తరగతి ఆడపిల్లలు కుట్టుపని గానీ లాటిన్ గానీ తీసుకోవాలి. నాకు చేతులు చెమట పట్టేవి. నేను పట్టుకున్న సూది మర్నాటికి తుప్పు పట్టేది. ఆరు సూదులు పోయాక కుట్టుపని సిస్టరు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరండా చివరి గదిలో వదిలేసింది. అక్కడ ముగ్గురు పిల్లలున్నారు. నాతో నలుగురం. ఎదురుగా ఎత్తైన ముసలి సిస్టరు. గంజి పెట్టిన బట్టల వాసన. ఎప్పుడూ నోట్లో లవంగం.

ఆవిడకి కోపం ఎక్కువ. ముక్కు మీద కళ్ళజోడు జారితే అది కూడా మా తప్పే. మేము సుద్దముక్కలు దాచేవాళ్ళం. ఆవిడ వెతక్కుండా జేబులోంచి ఇంకోటి తీసేది. ఒకసారి పందెం వేసుకుని వరసగా దాచాం. తొమ్మిదో ముక్క దాకా తీసింది. తరవాత మమ్మల్ని నలుగురినీ నిలబెట్టి, తొమ్మిది వరకూ లాటిన్లో లెక్కపెట్టించి, ముక్కకో అంకె చొప్పున తిరిగి తీసుకుంది. అలా అంకెలు వచ్చేశాయి. తన వయసు కూడా అలాగే చెప్పింది. బల్ల మీద రోమన్ అక్షరాలు రాసి, కూడండి, నా ఏళ్ళు వస్తాయి అంది. డెబ్భై నాలుగు. ముందు కూడి చెప్పింది నేనే.

ఒక రోజు మాలో ఒకమ్మాయి, చచ్చిపోయిన భాష మాకెందుకని అడిగింది. ఆవిడ కోప్పడలేదు. అది చావలేదు, మీరు రోజూ దాన్ని తొక్కుకుంటూ బడికి వస్తున్నారు అంది. రేపటి నుంచి రోజుకో మాట వీధిలోంచి ఏరి తెమ్మంది. మూడో రోజే ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని ఒక మాట కల్పించి తెచ్చింది. దొరికిపోయింది. అప్పటి నుంచి సిస్టరు, మాట ఒక్కటే కాదు, ఎక్కడ చూశారో కూడా రాయండి, కావాలంటే నేను వెళ్ళి చూసుకుంటాను అని కొత్త నిబంధన పెట్టింది.

ఎక్కడ అంటే నాకు సరిపోదు. నేను పుస్తకంలో నాలుగు గళ్ళు గీశాను. తేదీ, చోటు, మాట. నాలుగో గడిలో అడుగులు. ఫలానా గేటు నుంచి ఎన్ని అడుగులు వేస్తే ఆ రాయి వస్తుంది, ఎడమా కుడీ. సిస్టరు అది చూసి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది రెండే సార్లు. ఇది మొదటిది. రోమ్ సైన్యం వాళ్ళు కూడా ఇలాగే అడుగులు లెక్కపెట్టి వెయ్యికో రాయి పాతేవారనీ, మైలు అనే మాట ఆ వెయ్యి లోంచే వచ్చిందనీ చెప్పింది. నాకు రెక్కలొచ్చినట్టయింది. నాలుగో గడిని ఒక్కరోజు కూడా ఖాళీగా వదల్లేదు.

ముందు మాటలన్నీ అయ్య షాపులోనే దొరికాయి. బడి నుంచి వస్తూ అక్కడ ఆగేదాన్ని. వెనక అరలో పెద్ద గాజు సీసాల మీద బంగారు అక్షరాలు. ఒకదాని మీద ఆక్వా అని ఉంది. నీళ్ళు. మేము ముందురోజే నేర్చుకున్నాం. ఇది లాటిన్ కదా అన్నాను.

"నీళ్ళ సీసా అది. లాటిన్నేటి?" అన్నాడు అయ్య. చేతిలో డాక్టరు చీటీ ఉంది. దాని మీద టి.డి.యస్., పి.సి. అని గీతలు. అవేమిటని అడిగాను.

"రోజుకి మూడుసార్లు. తిన్న తరవాత."

నేను చీటీ లాక్కుని, సిస్టరు నేర్పిన మాటలతో పోల్చి, ఆ పొట్టి అక్షరాలని పూర్తి మాటలుగా చదివాను. తెర్ దియే సుమెందుమ్. పోస్త్ సిబుమ్. అయ్య కాసేపు నన్నూ చీటీనీ చూశాడు. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ భాషలోనే పనిచేస్తున్నాడు. ఎవరూ ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మామ్మకి తలనొప్పి బిళ్ళ ఇస్తూ, "పోస్త్ సిబుమ్ ఏసుకోవాల" అన్నాడు.

మామ్మకి ఇది నచ్చలేదు. సిస్టర్లు నాకు వాళ్ళ మంత్రాలు నేర్పి వాళ్ళలో కలిపేసుకుంటారని భయం. నేను బడి నుంచి రాగానే నోరు పుక్కిలించమనేది.

"నాలిక మీద అదెట్టుకుని అన్నం తినకే" అనేది. అయ్య పుక్కిలిస్తున్న నన్ను చూసి, "ఆక్వా" అనేవాడు. మామ్మ చీపురు తీసేది.

ఆదివారాలు మాటల కోసం దూరం వెళ్ళేదాన్ని. మా చిన్నాన్న ఇన్సేన్ రైలు కార్ఖానాలో ఫిట్టరు. అక్కడ ఒక పాత ఇంజను పలక మీద రెండు లాటిన్ మాటలున్నాయని చెప్పి తీసుకెళ్ళాడు. కార్ఖానా గేటు నుంచి రెండువందల పది అడుగులు, ఎడమ చేతి వైపు. పడవ మీద తన్లిన్ వెళ్ళి కూలిపోయిన పాత చర్చిలో ఒక సమాధి రాయి చూశాం. మింగళాడోన్లో ఎవరి పెళ్ళికో వెళ్ళి, పెద్దవాళ్ళు భోజనాలు చేస్తుంటే నేను సైన్యం శిబిరం ముందున్న దండు బాట పక్కన పాత సోల్జర్ల సమాధుల దగ్గర అడుగులు లెక్కపెట్టాను. నూట నలభై. కాపలా మనిషి చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. తొంభై ఒక్క రోజుల్లో తొంభై ఒక్క మాటలు. ఒక్కరోజు కూడా పోనివ్వలేదు.

ఇదంతా హాయిగా జరిగినట్టు రాస్తున్నాను. అలా జరగలేదు. ఆ ఏడాది భయం ఒక్కసారిగా వచ్చి పడలేదు. లెక్కపెట్టుకునేటట్టు వచ్చింది. ముందు షాపుల మీద, ఇక ఇవి సర్కారువని, కొత్త బోర్డులు వచ్చాయి. అయ్య పనిచేసే షాపుకి కూడా వచ్చింది. యజమాని మూడో వారం ఓడెక్కాడు. అయ్యని మాత్రం ఉండమన్నారు, సీసాలు తెలిసిన మనిషి ఇంకొకడు లేడు కాబట్టి. తరవాత మా లైనులో గదులకి తాళాలు పడటం మొదలైంది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటూ నేను వెళ్ళగానే ఆపేసేవారు. పరదేశీయుల పుస్తకం, ముద్ర, ఓడ, ఈ మూడు మాటలే చెవిన పడేవి. నేను తలుపు వెనక సుద్దతో తాళాల లెక్క రాసుకునేదాన్ని. తొమ్మిది అయినప్పుడు మామ్మ చూసి కొంగుతో తుడిచేసింది.

"తాలాలు లెక్కెట్టకే గుంటా. లెక్కెడితే మన గదీ అందులో కలుస్తాది" అంది.

అయ్యకి ఇక్కడ పుట్టిన కాగితం లేదు. రేవులో పుట్టినవాడికి కాగితం ఎవరిస్తారు? ఏటేటా ముద్ర వేయించుకునే ఒక చిన్న పుస్తకం ఉంది. అది బియ్యం డబ్బా అడుగున, నూనె గుడ్డలో చుట్టి ఉండేది. వారానికోసారి మామ్మ మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి, ఉందని తడిమి చూసుకునేది. దాంతో బియ్యానికి నూనె గుడ్డ వాసన పట్టింది. మేం ఆ వాసనతోనే తిన్నాం.

తనిఖీకి వచ్చిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. పొద్దున్న ఏడు దాటి పది నిమిషాలు. నలుగురు వచ్చారు. మా వరసలో మొదటి గది నుంచి చూసుకుంటూ వచ్చారు. మాది ఏడోది. అయ్య పుస్తకం ఇచ్చాడు. ముద్ర సరిగ్గానే ఉంది. వాళ్ళలో పెద్దాయన దాన్ని మూసి ఇచ్చేశాడు. అయిపోయింది అనుకున్నాం. మామ్మ ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆయన బయటికి తిరుగుతూ బియ్యం డబ్బా మూత మీద ఉన్న నా నోటుబుక్కు తీశాడు. ఊరికే తీశాడు, చేతికి అందింది కాబట్టి.

నిలబడే తిప్పాడు. నవ్వు ముఖంతోనే తిప్పాడు. తరవాత ఒక పుట దగ్గర ఆగాడు. అది ఏ పుటో నాకు అతని బొటనవేలు చూస్తే తెలిసిపోయింది. మింగళాడోన్, దండు బాట, గేటు నుంచి నూట నలభై అడుగులు, కుడి వైపు. పక్కన అతనికి తెలియని భాషలో ఒక మాట. దాని ముందు పుటలో తన్లిన్, నూనె శుద్ధి చేసే కార్ఖానా రేవు నుంచి మూడువందల ఇరవై. దాని వెనక ఇన్సేన్. అన్నిటికీ తేదీలు. అప్పుడు మొదటిసారి నా పుస్తకాన్ని ఇంకొకరి కళ్ళతో చూశాను.

ఇది ఎవరిదని అడిగాడు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అయ్య, నాది అన్నాడు. బర్మాలో, మర్యాదగా, తలవంచి అన్నాడు. మందుల పేర్లు సయా, అంటే అయ్యగారూ, షాపు పని అన్నాడు. మందులు మింగళాడోన్లో ఎందుకున్నాయని అతను అడిగాడు. ఆ పుస్తకంలో ఏముందో అయ్యకి సగమే తెలుసు.

చొక్కా మార్చుకోనిచ్చారు. చెప్పులు తొడుక్కుంటూ అయ్య నా వైపు చూడలేదు. చూస్తే నేను మాట్లాడతానని. గుమ్మం దగ్గర మామ్మతో తెలుగులో ఒక్క ముక్క అన్నాడు.

"పిల్లని బయటికి ఒగ్గకు."

మొదటి రోజు ఎవరూ ఏమీ చెప్పలేదు. మామ్మ చింతపండు పులుసు, అన్నం క్యారేజీలో పెట్టి ఠాణాకి వెళ్ళింది. తీసుకోలేదు. వెనక్కి తెచ్చిన అన్నం మేమిద్దరం తినలేదు. లైనులో వాళ్ళు మా గుమ్మం ముందు నుంచి నడవడం మానేసి కాలవ అవతలి వైపు నుంచి వెళ్ళారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. రెండో రోజు చిన్నాన్న కబురు పంపాడు, తను రాలేనని, కార్ఖానాలో తనని కూడా అడుగుతున్నారని. మామ్మ ఆ రోజు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజంతా నేను ఒకటే లెక్క వేశాను. మా లైను నుంచి అప్పటికి ముగ్గురు మగాళ్ళని తీసుకెళ్ళారు. ఒకడు తిరిగొచ్చాడు. ఒకడిని ఓడెక్కించారు. మూడో ఆయన సంగతి ఎవరికీ తెలియదు. మూడింట ఒకటి.

మూడో రోజు పొద్దున్న మామ్మ నాకు తల దువ్వి, బుగ్గలకి ఇక్కడి పిల్లలు పూసుకునే తనాకా చెక్క గంధం రాసి, బడి బట్టలు తొడిగింది. చిన్నపిల్లలా కనపడాలని. అయ్య వద్దన్న పని చేసింది. దారిలో చెయ్యి వదలకుండా ఒకే మాట పదిసార్లు చెప్పింది.

"పుస్తకం నాది, బడి పని, అని సెప్పు. అంతే సెప్పు. ఇంకెవుల పేరూ ఎత్తకు."

ఠాణాలో తడిసిన బూట్ల వాసన, కిళ్ళీ వాసన. మామ్మని బయటి బల్ల మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు. అదే మనిషి. కోపంగా లేడు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. నా కాళ్ళు నేలకి అందలేదు. ఎదురుగా నా నోటుబుక్కు తెరిచి ఉంది. నేను చెప్పాను, పుస్తకం నాది, బడి పని. రాసి చూపించమన్నాడు. రాశాను. అక్షరాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. సరే, నీదే అన్నాడు. ఈ అడుగులు ఎవరు లెక్కపెట్టమన్నారు?

ఎవరూ కాదు, నేనే, అన్నాను. అతను నమ్మలేదు. పదకొండేళ్ళ పిల్ల తనంతట తాను అడుగులు లెక్కపెడుతుందని ఎవరు నమ్ముతారు? చోటు రాయమన్నది ఎవరని అడిగాడు. బడి, అన్నాను. బడికి నోరు లేదు కదా, ఎవరు అన్నాడు.

అప్పుడు వెనక గదిలోంచి దగ్గు వినిపించింది. అయ్య దగ్గు. రెండుసార్లు పొడిగా, ఆగి, మూడోసారి. ఆ దగ్గు నేను వెయ్యి మందిలో గుర్తుపడతాను.

నేను సిస్టరు పేరు చెప్పాను.

అక్కడ ఆగి ఉండవచ్చు. అతను కలం తీసి పేరు రాసుకుంటున్నాడు. ఇంకేమీ అడగలేదు. కానీ నేను మొదలుపెడితే పూర్తిగా చెప్పే మనిషిని. మంగళవారం, శుక్రవారం అన్నాను. రెండో గంట తరవాత. వరండా చివరి గది. మొదట్లో నలుగురం, ఇప్పుడు ఇద్దరం. పాఠం మొదలుపెట్టే ముందు రోడ్డు వైపు కిటికీలు రెండూ మూసేస్తుంది, అని కూడా చెప్పాను.

అతను తలెత్తి చూశాడు. కిటికీలు ఎందుకు మూస్తుంది?

తెలియదన్నాను. నిజానికి తెలుసు. రోడ్డు మీద ఊరేగింపులు, మైకులు. ఆవిడ గొంతు చిన్నది, వినపడదు. తెలుసు గానీ ఆ క్షణంలో నాకు ఏమీ తెలియలేదు. అతను కిటికీల మాట కూడా రాసుకున్నాడు. కలం కదిలిన చప్పుడు విన్నాను. తరవాత లేచి, ఎవరినో పిలిచాడు.

వెళ్ళమంటే కుర్చీ దిగాను. దిగాక కనిపించింది. అతని వెనక అలమార మీద ఒక దగ్గు మందు సీసా ఉంది. దాని కింద ఎగిరిపోకుండా పెట్టిన డాక్టరు చీటీ. అందులో టి.డి.యస్., పి.సి. అని అవే గీతలు. అయ్య కలిపిన మందే అయ్యుండవచ్చు. నేను ముందే తలెత్తి చూసి ఉంటే వేలు పెట్టి చూపించేదాన్ని, ఇదిగో, మీరు కూడా రోజుకి మూడుసార్లు ఈ భాషే తాగుతున్నారు అని. ఎవరి పేరూ అవసరం ఉండేది కాదు. అతనికి నాకు మధ్య దూరం నాలుగు అడుగులు.

అరగంటకి అయ్య బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. ఎవరూ కొట్టలేదన్నాడు. పుస్తకం వాళ్ళే ఉంచుకున్నారు. దారంతా నా తల మీద చెయ్యి వేసి నడిచాడు. మామ్మ వెనక నడుస్తూ ఏడ్చింది, చప్పుడు లేకుండా. లోపల ఏం చెప్పానో ఇద్దరూ అడగలేదు. ఇంటికి రాగానే అన్నం వండింది. ఆ రోజు బియ్యంలో నూనె గుడ్డ వాసన నాకు తెలియలేదు.

మర్నాడు శుక్రవారం. సిస్టరు వచ్చింది. కిటికీలు మూసింది. నా పుస్తకం అడిగింది. పోయిందన్నాను. సరే, ఇవాళ మాట ఏమిటి అంది. ఏమీ కనపడలేదన్నాను.

"ఇంత పెద్ద ఊళ్ళోనా?" అంది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. తన జేబులోంచి సుద్దముక్క తీసి నా బల్ల మీద పెట్టింది. దాచుకో, ఇవాళ నేను చూడను అంది. నవ్వింది. అది రెండోసారి. నేను ఆ సుద్ద ముట్టుకోలేదు. చెప్పేయాలనుకున్నాను. ఇప్పుడు చెబితే ఆవిడకి ఏదైనా దారి దొరుకుతుందేమో అనుకున్నాను. చెబితే అయ్యని మళ్ళీ తీసుకెళతారేమో అని కూడా అనుకున్నాను. గంట కొట్టారు.

ఆ తరవాతి మంగళవారం ఆవిడ వచ్చింది. శుక్రవారం రాలేదు. అయ్య ఇంటికొచ్చిన రోజు నుంచి లెక్కపెడితే అది ఎనిమిదో రోజు. గది తాళం వేసి ఉంది. సిస్టర్లు వెళ్ళిపోతున్నారని, ఎవరూ పైకి అనకుండానే, బడంతా తెలిసింది.

నేను రేవుకి వెళ్ళలేదు. మామ్మ వెళ్ళింది, మా లైనులో పదో తాళం వేసినవాళ్ళని సాగనంపడానికి. తిరిగొచ్చి చేపలు తోముతూ చెప్పింది. అదే ఓడలో తెల్లబట్టల సిస్టర్లు కూడా ఉన్నారట.

"ఆ పొడుగు ముసిలామె నన్ను గురుతట్టింది. లెక్కల పిల్ల బాగుందా అని అడిగింది. బాగుందని సెప్పేను" అంది. చేపని తిప్పి రెండో వైపు తోమింది. "నీ అయ్య ఒచ్చేడు గదా. ఇంకా ఏటి నీకు?"

అంటే మామ్మకి తెలుసు. ఆ ఒక్కసారి తప్ప ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు.

అయ్యకి తెలియదు. అది మందుల భాషేనని వాళ్ళే ఎవరినో అడిగి తెలుసుకుని వదిలేశారని ఆయన నమ్మకం. ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళు బతికాడు. కొత్తగా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఆ కథ చెప్పేవాడు. నా సీసాల మీది మాటలే నన్ను బయటికి తెచ్చాయి అనేవాడు. నేను పక్కనే టీ పోస్తూ ఉండేదాన్ని. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ కథ ఎన్నిసార్లు విన్నానో ఒక్కటే నేను లెక్కపెట్టలేదు.

మిగతావన్నీ లెక్కపెట్టాను. బడిలో విదేశీ సిస్టర్లు పదిమంది. వెళ్ళినవాళ్ళు ఏడుగురు. వయసు మీరిందని ముగ్గురిని ఉండనిచ్చారు. వాళ్ళ వయసులు తరవాత వాళ్ళ సమాధి రాళ్ళ మీద చూసి వెనక్కి లెక్కగట్టాను. డెబ్భై ఒకటి, డెబ్భై రెండు, డెబ్భై తొమ్మిది. ఆవిడకి డెబ్భై నాలుగు. వయసే కారణమైతే ఆవిడ ఉండవలసిన మనిషి. ఇంకో కారణం ఏదైనా ఉండవచ్చు. ఎప్పటి నుంచో ఆవిడ పేరు జాబితాలో ఉండి ఉండవచ్చు. ఒక ఠాణాలో రాసిన కాగితం ఎనిమిది రోజుల్లో అన్ని బల్లలూ దాటి ఓడ దాకా వెళ్ళగలదా? ఆ రోజుల్లో కాగితాలు ఎలా నడిచేవో తెలిసిన ఇద్దరు పెద్దమనుషులని అడిగాను. ఒకాయన వెళ్ళదన్నాడు. ఒకాయన వెళుతుందన్నాడు. ఈ లెక్క ఒక్కటీ నాకు తేలలేదు.

ఆవిడ వెళ్ళిన మూడేళ్ళ తరవాత, నా దగ్గరున్న రెండు పాత పుస్తకాలతో మళ్ళీ నేనే మొదలుపెట్టి లాటిన్ నేర్చుకున్నాను. ప్రేమతో అని కొందరు అనుకుంటారు. నాకు తెలియదు. ఆవిడ కూర్చోవలసిన కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి అనిపించింది.

ఇప్పటికీ ఒక్కోసారి నేను ఆ గదిలోనే ఉంటాను. కాళ్ళు నేలకి అందవు. అతను కలం పట్టుకుని ఉంటాడు. వెనక గదిలో అయ్య దగ్గుతాడు. ప్రతిసారీ నేను పేరు చెబుతాను. ఇన్నేళ్ళు ఆలోచించినా అక్కడ ఇంకో జవాబు నాకు దొరకలేదు, దొరుకుతుందని అనుకోను కూడా. పేరు చెప్పి నోరు మూసుకుంటాను. అతను రాసుకుంటాడు, నేను కుర్చీ దిగి వెళ్ళిపోతాను. కిటికీల సంగతి అతను అడగలేదు కదా.